బర్మా దారిలో నూట ముప్పై ఏడో కీర్తన

మా మామ్మకు యుద్ధం తేదీలుగా గుర్తులేదు, పండుగలుగా గుర్తుండేది. రంగూన్ మీద మొదటిసారి బాంబులు పడింది క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు. రెండోసారి సరిగ్గా క్రిస్మస్ నాడే. మాండలే తగలబడింది గుడ్ ఫ్రైడే రోజున. ఇటు విశాఖపట్నం మీదికి జపాన్ విమానాలు వచ్చింది ఈస్టర్ మర్నాడు. కాలేజీలో చదివే రోజుల్లో నేను లైబ్రరీలో కూర్చుని వీటిని సరిచూశాను. 1941 డిసెంబర్ 23, 25. 1942 ఏప్రిల్ 3, ఏప్రిల్ 6. అన్నీ ఆమె చెప్పినట్టే ఉన్నాయి.

ఆమె పుట్టుకకీ ఒక గుర్తుంది. "అల్లర్ల ఏడు పుట్టినాను" అనేది. 1930 మే నెలలో రంగూన్‌లో జరిగిన అల్లర్లు అవి. ఓడల్లో సరుకు ఎత్తి దించే పని అప్పట్లో చాలావరకు తెలుగువాళ్లది. కూలి పెంచమని వాళ్లు సమ్మె చేస్తే, వాళ్ల చోట బర్మా కూలీలను పెట్టుకున్నారు. తర్వాత రాజీ కుదిరి మనవాళ్లు పనిలోకి వచ్చేసరికి ఆ బర్మావాళ్ల కూలి పోయింది. రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. వందమందికి పైగా చచ్చిపోయారు. ఎక్కువగా చచ్చిపోయింది తెలుగు కూలీలే. ఇద్దరూ బీదవాళ్లే, ఇద్దరి కూలీ ఒకళ్ల చేతుల్లోనే ఉంది, కత్తులు మాత్రం ఒకళ్ల మీద ఒకళ్లు దూసుకున్నారు. మామ్మ వాళ్లమ్మ అప్పుడు నిండు చూలాలు. బయట కేకలు వినపడుతుంటే ప్రార్థన గదిలో మిగతా ఆడవాళ్లతో పాటు తలుపులు వేసుకుని కూర్చుందట.

మామ్మ వాళ్ల నాన్న ఊరు శ్రీకాకుళం వైపు. వానలు లేని ఏడాది బర్మాకు కూలీలను కుదిర్చే మేస్త్రీ వచ్చి అడ్వాన్స్ చేతిలో పెట్టాడు. పడమటి గాలికి ఒకళ్లు, తూర్పు గాలికి ఒకళ్లు అన్నట్టు ఆ ఊళ్లో మాలపల్లె సగం ఓడెక్కేసింది. ఆ అడ్వాన్స్ తీరేదాకా మేస్త్రీ చెప్పిన చోట పనిచెయ్యాలి. తీరేది కాదు. అక్కడ బర్మావాళ్లు వాళ్లను కొరంగీలు అనేవారు. మన కాకినాడ దగ్గర కోరంగి రేవు పేరు అది, ఓడ ఎక్కడ ఎక్కినా తెలుగువాళ్లందరికీ అదే పేరు. ఊళ్లో అంటరానివాళ్లుగా బతికి, సముద్రం దాటి పోయి అక్కడ కొరంగీలయ్యారు.

అక్కడ వాళ్లకు చర్చి ఉండేది. అమెరికన్ బాప్టిస్టులు రంగూన్‌లో తెలుగు, తమిళ కూలీల మధ్య కూడా పనిచేశారు. మామ్మ చదువుకున్న చదువంతా ఆ చర్చి బడిలోదే. సండే స్కూల్లో పిల్లలకు ఆమె చెప్పే కథల్లో ఒకటి అక్కడ నేర్చుకున్నదే. అదోనిరామ్ జడ్సన్ కథ. 1813లో బర్మా వచ్చిన మిషనరీ. 1824లో ఇంగ్లీషువాళ్లకూ బర్మా రాజుకూ యుద్ధం వస్తే, ఆయన అమెరికావాడైనా గూఢచారి అనుకుని ఆవా జైల్లో సంకెళ్లు వేశారు. బర్మా భాషలోకి ఆయన తర్జుమా చేసిన కొత్త నిబంధన రాతప్రతిని ఆయన భార్య యాన్ ఒక తలగడలో పెట్టి కుట్టి జైలుకు పంపింది. ఆయన్ని అక్కడినుంచి మార్చినప్పుడు ఆ తలగడ పారేశారు. మామ్మ కథ అక్కడ ఆపి పిల్లలను అడిగేది: "తలగడ ఎవులు తీసినారు?" మేమందరం "జడ్సన్ గారు" అని అరిచేవాళ్లం. కాదు. మాంగ్ ఇంగ్ అనే బర్మా విశ్వాసి. గురువు గుర్తుగా దాచుకుందామని తీసుకుపోయాడు, లోపల ఏముందో అతనికి తెలియదు. మాంగ్ ఇంగ్ పేరు చెప్పకుండా ఆమె ఆ కథ ఎప్పుడూ ముగించలేదు. దొరల పేర్లు పుస్తకాల్లో ఉంటాయి, ఈ పేరు మనం చెప్పాలి అనేది.

బాంబులు పడ్డ మొదటి రోజు జనం విమానాలు చూడ్డానికి రోడ్ల మీదికి వచ్చారట. అంతకుముందు ఎవరూ అలాంటివి చూడలేదు. అలా చూస్తున్నవాళ్లే ఎక్కువగా చచ్చిపోయారు. కూలీలంతా ఊరు వదిలి పారిపోతే, ఓడల్లో సరుకు దించేవాళ్లు లేక మళ్లీ నచ్చజెప్పి పిలిపించారు. మామ్మ వాళ్ల నాన్న వెనక్కి వెళ్లాడు. ఫిబ్రవరిలో ఇక అందరూ పొండి అన్నారు. మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి పోయింది. అప్పటికి వీళ్లు రైల్లో మాండలే చేరి ఒక శిబిరంలో ఉన్నారు. అమ్మ, నాన్న, పన్నెండేళ్లు నిండుతున్న మామ్మ, మూడేళ్ల తమ్ముడు.

శిబిరంలో కలరా. అయినా గుడ్ ఫ్రైడే ఉపవాసం ఉన్నారు. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలు ధ్యానించుకుందామని తెలుగు, తమిళ కుటుంబాలు ఒక చెట్టు కింద కూర్చున్నాయి. ఎన్నో మాట దగ్గర ఉండగా విమానాలు వచ్చాయో మామ్మ చెప్పేది కాదు. మాండలే అంతా చెక్క ఇళ్లు. రాత్రంతా మండింది.

అక్కడినుంచి మోనివా. మోనివా నుంచి చింద్విన్ నది మీద పడవలో కలేవా. కలేవా నుంచి నడక. కబా లోయలో నడిచి టాము, టాము నుంచి కొండలెక్కి పాలెల్, ఇంఫాల్. ఈ ఊళ్ల పేర్లు మా ఇంట్లో పిల్లలందరికీ నోటికి వచ్చు. ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టే మామ్మ ఇవీ అప్పజెప్పించుకునేది. 1942లో బర్మా నుంచి అలా బయల్దేరిన భారతీయులు దాదాపు 5 లక్షలమంది. దారిలో చచ్చిపోయినవాళ్లు వేలకు వేలు. రాసిపెట్టిన లెక్క లేదు, ఎందుకంటే అప్పుడు కూలీలను లెక్కపెట్టేవాళ్లు ఎవరూ లేరు.

చింద్విన్ ఒడ్డున పడవ కోసం చాలా రోజులు కాచుకున్నారు. మామ్మ వాళ్లమ్మ మూటలోంచి బైబిలు తీసి సాయంత్రాలు చదివేదట. "బబులోను నదులయొద్ద మనము కూర్చుండియున్నప్పుడు సీయోనును జ్ఞాపకము చేసికొని యేడ్చుచుంటిమి." నూట ముప్పై ఏడో కీర్తన మొదలది, బబులోనుకు చెరపట్టుకుపోయిన యూదులు తమ సీయోను, అంటే యెరూషలేము కోసం ఏడ్చిన పాట. అంతవరకు చదివి మూసేసేది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఏడ్చేవారట. ఆ ఏడుపు వినడానికే రోజూ అదే చదివించుకునేవారు. వాళ్ల సీయోను ఏమిటి, ఏ ఊరి కోసం ఏడ్చారు అని నేను చాలాసార్లు ఆలోచించాను. రంగూన్‌లో వాళ్లను తరిమారు. శ్రీకాకుళం పక్క ఊళ్లో నూతిలో నీళ్లు ముట్టనివ్వలేదు. ఏడవడానికి కూడా సొంత ఊరు లేనివాళ్లు దేవుడి పట్టణం కోసం ఏడ్చారు. అది ఇక్కడి కష్టం మర్చిపోవడానికి కట్టుకున్న కల అని కొందరు చదువుకున్నవాళ్లు నాతో అన్నారు. నేను ఒప్పుకోను. మేం ఉండాల్సిన చోటు ఇది కాదు, మాకు జరగాల్సింది ఇది కాదు అని గట్టిగా నమ్మినవాళ్లే అలా ఏడుస్తారు. బానిసత్వం అలవాటైపోయినవాడికి సీయోను గుర్తురాదు.

టాము దాటాక ఒకచోట దారి చీలింది. ఒక దారి తెల్లవాళ్లకు, ఆంగ్లో ఇండియన్లకు. ఆ దారిలో మజిలీకో పాక, నీళ్లు, టీ ఉంటాయని చెప్పుకున్నారు. ఇంకో దారి మిగతా అందరికీ. తెల్లదారి, నల్లదారి అని ఆ రోజుల్లో దేశమంతా గొడవైంది, కాంగ్రెస్ కూడా దాన్ని ఖండించింది. మామ్మకు ఆ గొడవ సంగతి తెలియదు. ఆమెకు తెలిసింది ఒక్కటే. తమ్ముడికి కబా లోయలో పట్టిన జ్వరం ఎక్కువైపోయింది. దగ్గర దారిన పోనివ్వండి, పిల్లాడికి నీళ్లు దొరుకుతాయి అని వాళ్ల నాన్న కాపలావాడి కాళ్లు పట్టుకున్నాడు. వాడు తుపాకీ మడమతో పక్కకు తోశాడు. నల్లదారిలో రెండో రోజున పిల్లాడు పోయాడు. గొయ్యి లోతుగా తవ్వడానికి చేతుల్లో ఏమీ లేదు. రాళ్లు పేర్చారు.

ఆ రాత్రి మామ్మ వాళ్లమ్మ బైబిలు తీసింది. చీకట్లో చదవలేరు కదా, ఒళ్లో పెట్టుకుని నోటితో చెప్పింది. అదే కీర్తన. ఈసారి ఆగలేదు. అన్నాళ్లూ చదవకుండా వదిలేసిన చివరి వచనం దాకా పోయింది. తమను చెరపట్టిన బబులోనును శపించే వచనం అది. "నీ పసిపిల్లలను పట్టుకొని వారిని బండకు వేసి కొట్టువాడు ధన్యుడు." పక్కనున్నవాళ్లు ఉలిక్కిపడ్డారట. ఆమె మళ్లీ మొదటినుంచి చెప్పింది, మళ్లీ చివరిదాకా. తెల్లారాక మూట నెత్తినెట్టుకుని నడిచింది.

ఇంఫాల్‌లో కూడా బాంబులు పడ్డాయి. దిమాపూర్‌లో రైలు. కలకత్తా నుంచి వాల్తేరు వచ్చేసరికి ఇక్కడా ఊరు సగం ఖాళీ. ఈ భాగం మామ్మ ఒక్క ముక్కలో చెప్పేసేది. ఆమెకు కథ కబా లోయలోనే నిలిచిపోయింది.

మా ఇంట్లో అందరికన్నా నాకు ఎక్కువ గుర్తున్నది 1985. నేను బడికి పోతున్నాను. ఆ జులై 17న కారంచేడులో మాదిగపల్లె మీద పడ్డారు. మంచినీళ్ల చెరువును పాడుచేస్తుంటే ఒక దళిత స్త్రీ అడ్డుకున్నదగ్గర మొదలైన గొడవ అది. ఆరుగురిని చంపారు, ఆడవాళ్లను చెరిచారు. మిగిలినవాళ్లు పొలాలకు అడ్డంపడి చీరాల చేరి అక్కడ శిబిరంలో ఉన్నారు. చచ్చిపోయినవాళ్లలో, పారిపోయినవాళ్లలో మన చర్చిలవాళ్లు ఉన్నారు. పేపర్లు మా చర్చి మెట్ల మీద చేతులు మారాయి. ఆ ఆదివారం ప్రసంగంలో ఓర్చుకోమని చెప్పారు. పగ తీర్చుట దేవునిది, మనం క్షమించాలి, మన పౌరస్థితి పరలోకంలో ఉంది అన్నారు. ఒక్కో మాటా బైబిల్లోదే.

ఆ వారం స్త్రీల సమాజం కూటంలో వాక్యం చదివే వంతు మామ్మది. నూట ముప్పై ఏడో కీర్తన తీసింది. చివరి వచనం దగ్గరికి వచ్చేసరికి అక్కడున్న పెద్దాయన ఒకరు, "అది వద్దులే అమ్మా, ఎనిమిదితో ఆపేద్దాం" అన్నారు. మామ్మ తల ఎత్తలేదు. "దేవుడు రాయించినాడు బాబూ, నానెలా ఒదిలీది" అని పూర్తిగా చదివింది. తర్వాత ప్రార్థనలో చంపినవాళ్లను పోలీసులు పట్టుకోవాలని, కోర్టులో నిజం బయటపడాలని, చీరాలలో ఉన్న పిల్లలకు పాలు దొరకాలని అడిగింది. కోర్టు గురించి ప్రార్థన చెయ్యడం నేను వినడం అదే మొదలు. ఆ వారం సమాజం డబ్బాలో పోగైన బియ్యం, పాత బట్టలు చీరాల పంపించారు.

ఆ రాత్రి డాబా మీద పడుకున్నప్పుడు ఆ వచనం అంటే భయం వెయ్యదా మామ్మా అని అడిగాను. అప్పుడే మొదటిసారి తమ్ముడి సంగతి మొత్తం చెప్పింది. చెప్పి, "మాయమ్మ కొట్టనేదురా, సదివింది. కోపం దేవుడి ముందర కుమ్మరించీసింది. కడుపులో ఎట్టుకుంటే ఇసవైపోను" అంది. ఇంకా ఒకటి చెప్పింది. 1945 ఆగస్టులో జపాన్ మీద పెద్ద బాంబు వేశారని, ఒక్క దెబ్బకు ఊరంతా పోయిందని పేపరు చదివేవాళ్లు చెబితే పేటలో కొందరు సంబరపడ్డారట. రంగూన్ కాల్చినవాళ్లకు బాగా అయ్యిందన్నారు. మామ్మ వాళ్లమ్మ గుమ్మంలో కూలబడిపోయింది. "పిల్లలేటి సేసినారు? అక్కడి పిల్లలేటి సేసినారు?" అని అడగడం మొదలుపెట్టింది. ఎవరేం చెప్పినా అదే. ఆ కీర్తనలో తను అడిగింది జరిగిపోయింది అనుకుందో, తన పిల్లాడు కళ్ల ముందు కనపడ్డాడో. ఆ తర్వాత కూడా ఆ కీర్తన చదివేది. చివరి వచనం మానలేదు. అది చదివి ఏడ్చేది.

నేను యుద్ధం గురించి, అణచివేత గురించి క్రైస్తవుడిగా నమ్మేది ఏదైనా ఉంటే ఆ డాబా మీద విన్నదే. ఆ తల్లి కోపం తప్పని ఎవరూ అనకూడదు. బిడ్డను రాళ్ల కింద పెట్టి వచ్చిన మనిషికి క్షమాపణ పాఠం చెప్పే హక్కు బిడ్డను పోగొట్టుకోనివాడికి లేదు. దేవుడు కూడా ముందు ఆ పాఠం చెప్పలేదు. నిర్గమకాండంలో ఆయన మొదటి మాట బానిసలకు ఓర్పు బోధించడం కాదు. వాళ్ల బాధ చూశాను, మొర విన్నాను, విడిపించడానికి దిగివచ్చాను అన్నాడు. నజరేతు సమాజమందిరంలో యేసు చదివిన వచనం కూడా చెరలో ఉన్నవాళ్ల విడుదల గురించే. ఇలాంటివన్నీ ఆత్మకు మాత్రమే, ఒంటికి కాదు అని చెప్పే బోధ మీద నాకు చిన్నప్పటినుంచీ కోపం. ఆ బోధ వల్ల కొట్టేవాడికి హాయి, దెబ్బలు తినేవాడికి సిగ్గు.

అయితే మామ్మ వాళ్లమ్మకు దొరికిన స్వాతంత్ర్యం చట్టం ఇచ్చేదీ కాదు. 1947 వచ్చింది, మాలపల్లె మాలపల్లెగానే ఉంది. తెల్ల కాపలావాడు పోయాడు. అతని మీది పగ ఉండిపోయి ఉంటే, తుపాకీ వాడి చేతిలో లేకపోయినా ఆమె జీవితాంతం ఆ చీలిక దగ్గరే నిలబడి ఉండేది. శత్రువు పిల్లల కోసం గుమ్మంలో కూలబడి ఏడవగలిగింది చూడండి, ఎవరూ నేర్పలేదు, ఎవరూ బలవంతం చెయ్యలేదు. "ఈ స్వాతంత్ర్యము అనుగ్రహించి, క్రీస్తు మనలను స్వతంత్రులనుగా చేసియున్నాడు" అని గలతీ పత్రికలో చదివినప్పుడల్లా నాకు ఎప్పుడూ చూడని ఆ ముఖమే ఊహకు వస్తుంది. న్యాయం అడగడం మానకుండా, పగకు బానిస కాకుండా ఉండడం సాధ్యమేనని ఆమె వల్ల నమ్ముతాను. కారంచేడు కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2008 అయింది. 23 ఏళ్లు. తీర్పు వచ్చేనాటికి మామ్మ మంచంలో ఉంది. చెబితే, "అడగడం మానకుండా ఉన్నారు, అదీ" అని మాత్రం అంది.

1964 తర్వాత బర్మా నుంచి మళ్లీ జనం వచ్చారు. నే విన్ సైనిక ప్రభుత్వం దుకాణాలు, వ్యాపారాలు లాక్కుంది, పెద్ద నోట్లు చెల్లవంది. ఈసారి ఓడల్లో వచ్చారు కానీ ఒంటిమీది బంగారం కూడా తెచ్చుకోనివ్వలేదు. విశాఖలో కంచరపాలెం వైపు బర్మా క్యాంపు వెలిసింది వాళ్లవల్లే. మామ్మ వాళ్లతో బర్మా భాషలో మాట్లాడేది. ఆమె ముఖంలో నేను చూసిన అంత సంతోషం వేరే ఎప్పుడూ చూడలేదు. తరిమిన దేశం భాష అది. చేపల పులుసుతో మొహింగా వండుకుని, తరిమినవాళ్ల పాటలు పాడుకునేవారు. బర్మావాళ్ల మీద ఒక్క చెడ్డమాట ఆ ఇళ్లలో నేను వినలేదు. మిలటరీ వేరు, మనుషులు వేరు అనేవారు.

ఇప్పుడు ఆ దారి మళ్లీ వార్తల్లోకి వచ్చింది. 2021 ఫిబ్రవరి 1న మయన్మార్‌లో సైన్యం మళ్లీ అధికారం లాక్కుంది. ఆ సెప్టెంబర్‌లో చిన్ రాష్ట్రంలోని తంత్లాంగ్ ఊరి మీద షెల్లింగ్ చేసి ఇళ్లు తగలబెడితే, మంటలార్పడానికి పరుగెత్తిన యువ బాప్టిస్టు పాస్టర్‌ను కాల్చి చంపారు. ఆ ఊరి జనమంతా, వేలమంది, కొండలెక్కి చాలామంది మిజోరం చేరారు. 2023 మే 3న మణిపూర్ అంటుకుంది, కొండల మీది కుకీలకూ లోయలో ఉండే, ఎక్కువమంది హిందువులైన మెయితేయీలకూ మధ్య. వందల చర్చిలు కాలిపోయాయి, గుళ్లు కూలాయి, 60 వేలమంది దాకా ఇళ్లు వదిలారు. ఎక్కువగా నష్టపోయినవాళ్లు కుకీ క్రైస్తవులే. కానీ మెయితేయీ క్రైస్తవుల చర్చిలను కూడా వదల్లేదు. మెయితేయీ ఇళ్లూ మండాయి. టీవీలో మోరే పేరు వినగానే ఒళ్లు జలదరించింది. టాముకు ఇవతల, సరిహద్దు మీది ఊరు. మా ముత్తాతలు నడిచి వచ్చిన దారి.

మా ప్రార్థన కూటంలో మణిపూర్ కోసం కన్నీళ్లతో అడిగారు. మనవాళ్ల కోసం మాత్రమే అడిగారు. నేను లేచి మెయితేయీ తల్లుల పేరు కూడా ఎత్తాను. కొందరికి నచ్చలేదు. ఒక అక్క బయటికి వచ్చాక, మన చర్చిలు కాలుస్తుంటే వాళ్లకోసం ప్రార్థన ఏమిటని కోప్పడింది. ఆమె కోపం నాకు తప్పనిపించలేదు. ఆమె పుట్టిల్లు ఉన్న ఊళ్లో కూడా ఆదివారం పూట చర్చి మీద రాళ్లు పడిన సంగతి నాకు తెలుసు. ఇద్దరం మెట్ల మీద కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం. నేను మామ్మ వాళ్లమ్మ కథ చెప్పాను. ఆమె తన ఊరి కథ చెప్పింది. ఒకరినొకరం పూర్తిగా ఒప్పించుకోలేదు. ఆ కీర్తన మొత్తం ఈసారి నేనే చదువుతాను అంది. చదివింది కూడా, చివరి వచనంతో సహా.

వచ్చే గుడ్ ఫ్రైడేకి ఏడు మాటల ఆరాధనలో నాలుగో మాట నాకు ఇచ్చారు. "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి." అందులో మాండలే గురించి, తంత్లాంగ్ గురించి, నల్లదారిలో రాళ్ల కింద ఉన్న మూడేళ్ల పిల్లాడి గురించి చెబుతాను. పాస్టరుగారు ఇరవై నిమిషాలు అన్నారు. ఇంకో పది అడిగాను. ఇస్తానన్నారు.